బొలెరో క్యాంపర్‌కి సొంతంగా స్నార్కెల్: పైపు సులువే, అతుకుల దగ్గరే అసలు పని

[దృశ్యం: బల్ల మీద గాజుపలక, దాని మీద ఒక కనెక్టింగ్ రాడ్. వేలితో తడితే అటూ ఇటూ ఊగుతోంది.]

నమస్కారం. ఈ రాడ్ చూడండి. గాజుపలక మీద పెడితే కదలకుండా ఉండాలి. ఇది ఊగుతోంది. ఎక్కడ ఒంగిందో కంటికి సరిగ్గా ఆనదు, కానీ ఒంగింది. ఇది నా బొలెరో క్యాంపర్ ఇంజిన్‌లోంచి తీసినది.

ఆగస్టు నెల. పాడేరు నుంచి విశాఖ వస్తున్నాం. పైన కొండల్లో ఎక్కడో గట్టి వాన పడింది. రోజూ టైర్లు తడిసేంత నీళ్లుండే గెడ్డ (కొండవాగు) ఆ సాయంత్రం బంపర్ దాటేసింది. పక్కన కూర్చున్న మా బావ "ఆగుదాం రా, గంటలో తగ్గిపోద్ది" అన్నాడు. నేను ఆగలేదు. సరిగ్గా సగంలో 'టక్' మని ఇంజిన్ ఆగిపోయింది. కంగారులో మళ్లీ సెల్ఫ్ కొట్టాను. ఇంకోసారి కొట్టాను.

గాజువాకలో మెకానిక్ ఫిల్టర్ డబ్బా మూత తీసేసరికి లోపల గోధుమరంగు నీళ్లు. కాగితం ఫిల్టర్ నాని ఉబ్బిపోయింది, దానికి ఒక ఆకు అతుక్కుని ఉంది. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే: "ఆగినప్పుడే వదిలేస్తే బాగుండేది బాబూ. సెల్ఫ్ కొట్టి పాడుచేసుకున్నారు."

[దృశ్యం: సూది లేని సిరంజి. ముందు గాలితో, తర్వాత నీళ్లతో.]

ఎందుకలా అన్నాడో ఈ సిరంజితో చూపిస్తాను. మూతి దగ్గర వేలు గట్టిగా అదిమి, లోపల గాలి ఉంచి నొక్కుతున్నాను. లోపలికి దిగుతోంది. ఇప్పుడు నీళ్లు నింపి నొక్కుతున్నాను. దిగడం లేదు. గాలి నలుగుతుంది, నీరు నలగదు. ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చే దారిలో నీళ్లు ఉంటే ఆ పిస్టన్ ఆగిపోవాల్సిందే. కింద నుంచి తోసే బలం మాత్రం ఆగదు. అప్పుడు మధ్యలో ఉన్న రాడ్ ఒంగుతుంది. మెకానిక్కులు దీన్ని హైడ్రోలాక్ అంటారు.

ఎన్ని నీళ్లు కావాలి దానికి? క్యాంపర్ ఇంజిన్ 2,523 సీసీ, నాలుగు సిలిండర్లు. ఒక్కోదానికి సుమారు 630 సీసీ. డీజిల్ ఇంజిన్ కదా, గాలిని 18వ వంతుకి నొక్కుతుందని లెక్క వేసుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక మిగిలే ఖాళీ 37 సీసీ. అంటే రోడ్డు పక్క బడ్డీలో ఇచ్చే చిన్న టీ గ్లాసులో సగం కూడా ఉండదు. ఆ మాత్రం నీళ్లు ఒక సిలిండర్‌లోకి చేరితే చాలు.

అందుకే గాలి పీల్చే చోటుని బానెట్ కింద నుంచి పైకప్పు ఎత్తుకి తీసుకెళ్తాం. స్నార్కెల్ అంటే అంతే, బండికి పెట్టిన పొడవాటి ముక్కు. నిజానికి మన ఏజెన్సీ రోడ్లలో నీళ్లకంటే దుమ్ముకే ఇది ఎక్కువ పనికొస్తుంది. ముందు పోయే లారీ లేపే ఎర్రదుమ్ము బానెట్ ఎత్తులో చిక్కగా ఉంటుంది, పైకప్పు ఎత్తులో కొంచెం పలచబడుతుంది. ఎండాకాలంలో ఫిల్టర్ ఎన్నాళ్లకి నల్లబడుతోందో చూస్తే ఆ తేడా మీకే తెలుస్తుంది.

[దృశ్యం: పాత పీవీసీ స్నార్కెల్. బూడిదరంగు పైపు, మోచేతి బెండులు.]

ఇది నేను మొదట చేసింది. 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, రెండు బెండులు, సొల్యూషన్, హోస్ క్లిప్పులు. ఒక ఆదివారంలో అయిపోయింది. పైకప్పు దాటి నిలబడితే చూడ్డానికి ఎంతో బాగుంది, ఇక భయం లేదనుకున్నాను. కొన్ని నెలల తర్వాత ఫిల్టర్ మార్చేటప్పుడు ఎందుకో అనుమానం వచ్చి, పైపు ఫిల్టర్ డబ్బాలోకి దిగే చోట తెల్లగుడ్డతో చుట్టూ తుడిచాను.

[దగ్గరగా: తెల్లగుడ్డ మీద వేలెడు ఎర్రటి చార.]

అంతా పలచటి దుమ్మే, కానీ ఒక్కచోట ఈ చార మాత్రం చిక్కగా ఉంది. అక్కడ అతుకు వదులైంది. పైన పైకప్పు ఎత్తులో మూతి ఉంది, కింద బానెట్ ఎత్తులో ఇంకో దొంగ మూతి ఉంది. గాలి లాగే చోటే నీళ్లూ లాగుతుంది. ఆ బండితో మళ్లీ గెడ్డలో దిగి ఉంటే ఇంకో రాడ్ ఒంగేది. స్నార్కెల్ ఎత్తు ఎంత అని ఎవరైనా అడిగితే పైమూతి వైపు చూపించకండి. అన్నింటికంటే కింద ఉన్న లీకు ఎక్కడుందో అదే దాని ఎత్తు. ఆ పైపుని నేను పీకేసి మళ్లీ మొదటి నుంచి చేశాను. ఈ వీడియో దాని గురించే.

పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పెట్టారు. అందుకని మడ్‌గార్డుకి రంధ్రం వేయకముందే రవాణా శాఖ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా తెలియజేయండి. మామూలు పాలసీలో నీళ్లు తాగిన ఇంజిన్‌కి సాధారణంగా డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి. అది నాకు లేదు.

[దృశ్యం: నేల మీద మూడు పైపు ముక్కలు: 50, 75, 90 మిల్లీమీటర్లవి.]

పైపు సైజు. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, టర్బో లేదనుకున్నా, సుమారు 3,800 లీటర్ల గాలి లాగుతుంది. మేడ మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులు ఉంటాయి కదా, దాదాపు నాలుగు ట్యాంకులు ఒక్క నిమిషంలో. టర్బో ఉంటే ఇంకా ఎక్కువే. 50 మిల్లీమీటర్ల పైపుతో సరిపెడదాం అనిపిస్తుంది, సన్నగా అందంగా ఉంటుంది, కానీ బండి ఘాట్ ఎక్కలేక నల్లపొగ వదులుతుంది. 75 అంటే వెడల్పు ఒకటిన్నర రెట్లే, గాలి దారి మాత్రం రెండుంపావు రెట్లు. 75కి తగ్గకండి. వంపులు కూడా అంతే ముఖ్యం. ప్లంబింగ్ షాపులో దొరికే 90 డిగ్రీల మోచేతి బెండు గాలికి గోడ లాంటిది. దాని బదులు 45 డిగ్రీలవి రెండు వేస్తే గాలి సాఫీగా తిరుగుతుంది.

బానెట్ కింద పీవీసీ వద్దే వద్దు. 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది మెత్తబడిపోతుంది, ఇంజిన్ పక్కన ఆ వేడి మామూలే. మెత్తబడ్డ పైపు మీద క్లిప్పు ఎంత బిగించినా పట్టు ఉండదు. నా మొదటి పైపులో జరిగింది అదే. ఇప్పుడు లోపలంతా సిలికాన్ హోస్ వేశాను. ఇంజిన్ తన మౌంటింగుల మీద ఊగుతూ ఉంటుంది, బాడీ వేరేగా ఊగుతుంది. మధ్యలో గట్టి పైపు పెడితే ఏదో ఒక అతుకు వదులైపోవడం ఖాయం.

బయటి పైపుకి ఆటోనగర్‌లో పల్చటి 304 స్టీలు పైపు తీసుకుని ఆర్గాన్ వెల్డింగ్ చేయించాను. మామూలు ఇనుప పైపు చవకే, కానీ మన ఊరి గాలి సంగతి తెలుసు కదా. సముద్రం పక్కన ఇంటి గేటుకే ఏటా రంగు వేయాలి. పైపు లోపల రంగు వేయలేం. అక్కడ తుప్పు పెచ్చులు ఊడి నేరుగా ఫిల్టర్ మీద పడతాయి.

[దృశ్యం: మడ్‌గార్డు మీద మాస్కింగ్ టేపు, అట్టముక్క అచ్చు.]

ఇక కోత. ఎటు వైపు పెట్టాలన్నది ఫిల్టర్ డబ్బా ఎటుందో దాన్ని బట్టే. మొదట అట్టముక్కతో అచ్చు చేసి పెట్టి, తలుపు తెరిచి మూయండి, బానెట్ తెరిచి మూయండి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి. రేకు వెనక చెయ్యి పెట్టి వైర్లు ఉన్నాయేమో తడిమి చూడండి. నేను కోసిన చోటికి రెండంగుళాల దూరంలోనే హెడ్‌లైట్ వైర్ల కట్ట ఉంది. చూడకుండా కోసి ఉంటే అదీ పోయేది. టేపు అంటించి, చిన్న రంధ్రం వేసి, తర్వాత గుండ్రంగా కోసే హోల్‌సా పెట్టాలి. అంచుని ఆకురాయితో నున్నగా రుద్ది, రేకు మెరుస్తున్న ప్రతి చోటా జింక్ ప్రైమర్ రెండు పూతలు, ఆపైన రంగు. ఈ పనికి బద్ధకించకండి. విశాఖలో రంగు లేని రేకు ఒక్క వర్షాకాలం కూడా ఆగదు. అంచు చుట్టూ రబ్బరు గ్రామెట్ వేస్తే పైపు రేకుకి ఒరుసుకోదు.

ఫిల్టర్ డబ్బా దగ్గర ఎక్కువ టైం ఇవ్వండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, నేనూ చేశాను. డబ్బా అడుగున నీళ్లు పోవడానికి ఒక రంధ్రం ఉంటుంది. కొన్ని బళ్లలో బాతు ముక్కు లాంటి రబ్బరు వాల్వ్ ఉంటుంది. పైన ఎంత గొప్ప పైపు పెట్టినా ఈ రంధ్రం తెరిచి ఉంటే అదే గెడ్డ నీళ్లకి తలుపు. ఉత్త రంధ్రమైతే మూసేయండి, రబ్బరు వాల్వ్ గట్టిపడి పెదవులు కలవకపోతే కొత్తది వేయండి. మూత చుట్టూ ఉండే రబ్బరు పట్టీని వేలితో నొక్కి చూడండి. మళ్లీ పైకి లేవకపోతే దాని పని అయిపోయినట్టే. కంపెనీ పాత గాలిగొట్టం తీసేసిన చోట, పక్కన గాలి శబ్దం తగ్గించే రెజొనేటర్ డబ్బా తగిలించిన చోట, ఏ ఖాళీ మిగలకూడదు.

పైన మూతి సంగతి. ముందుకి తిప్పితే వానలో వేగంగా పోయేటప్పుడు నీళ్లు తోసుకొస్తాయి, కాబట్టి ఆ తలలో నీళ్లు జారిపోయే సందులు ఉండాలి. నేను వెనక్కి తిప్పాను. ట్రాక్టర్ల మీద గుండ్రటి ప్రీక్లీనర్ ఉంటుంది, దుమ్ముని తిప్పి పక్కకి విసిరేస్తుంది, అది పెట్టొచ్చా అని మా తమ్ముడు అడిగాడు. పెట్టొచ్చు, కానీ ట్రాక్టర్ ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, మన బండి వేగంగా తిరుగుతుంది. ట్రాక్టర్‌కి సరిపోయిన సైజు మనకి ఊపిరాడనివ్వదు. ఒక సైజు పెద్దది చూడాలి.

[దృశ్యం: వెనక యాక్సిల్, దాని మీద చిన్న బ్రీదర్.]

స్నార్కెల్ పెట్టాక బండి పడవ అయిపోదు. ఇది మనసులో పెట్టుకోండి. మహీంద్రా థార్‌కి కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మిల్లీమీటర్లు, మోకాలికి కాస్త పైన. మన పైపు ఆ అంకెని పెంచదు. ఆల్టర్నేటర్, ఫ్యూజుల డబ్బా, కంప్యూటర్ ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. వెనక యాక్సిల్ బ్రీదర్ చూడండి, అంటే లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం. పరుగెత్తి వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని ఈ రంధ్రం నుంచి నీళ్లు పీలుస్తుంది. తర్వాత ఆయిల్ తీస్తే పాలు ఎక్కువైన అరకు కాఫీలా ఉంటుంది. ఒక రబ్బరు ట్యూబు తగిలించి బానెట్ ఎత్తుకి తెచ్చి కట్టేయండి. గేర్‌బాక్సుకీ అంతే.

ఇంకా, పారే నీళ్లు వేరు, నిలిచిన నీళ్లు వేరు. రెండడుగుల లోతు నీళ్లు జోరుగా పారుతుంటే పికప్ బండిని కూడా తోసుకుపోగలవు. అప్పుడు ఇంజిన్ చక్కగా తిరుగుతూనే ఉంటుంది, టైర్లకి నేల దొరకదు. వాన పడ్డాక జ్ఞానాపురం వైపు రైలు వంతెన కింద నిలిచే నీళ్లలో లోతు తెలియదు, తెరిచిన మ్యాన్‌హోల్ కనపడదు. నేనైతే చుట్టు తిరిగి పోతాను. గెడ్డ దగ్గర పారే జోరు చూసి, అది లేకపోతేనే కర్రతో ముందు ఎవరో ఒకరు నడిచి చూడాలి. దాటాల్సి వస్తే మొదటి గేర్‌లో నెమ్మదిగా, ఆగకుండా. ఒకవేళ నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే తాళం ముట్టుకోకండి. తాడు కట్టి లాగించండి.

[దృశ్యం: ఇంటి ముందు. స్టీలు పైపు నిలబెట్టి, కింద మూతికి చెక్క బిరడా.]

బండికి బిగించే ముందు పైపుకి పరీక్ష. కింద మూసేసి, బకెట్టుతో నీళ్లు నింపి అరగంట అలా వదిలేయాలి. వెల్డింగ్ దగ్గర కాగితం ఆనించి చూస్తున్నాను. ఇక్కడ చూడండి, రెండో అతుకు కింద కాగితం తడిసింది. కంటికి చుక్క కూడా కనపడలేదు. పైపుని మళ్లీ వెల్డింగ్ షాపుకి పట్టుకెళ్లాను. రెండోసారి కాగితం పొడిగా ఉంది.

[దృశ్యం: బండి పక్కన నిచ్చెన. ఇంజిన్ నడుస్తోంది.]

ఇప్పుడు అంతా బిగించాక చివరి పరీక్ష. ఇంజిన్ ఐడిల్‌లో ఉంది, ఎవరూ ఎక్స్‌లేటర్ తొక్కకూడదు. అరచెయ్యి పెట్టకండి, లాగే బలం ఎక్కువ. రబ్బరు షీటు అంటించిన ఈ చెక్కముక్కతో మూతి మూస్తున్నాను. గాలి దారి ఇదొక్కటే అయితే ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తోందంటే ఇంకెక్కడి నుంచో పీలుస్తోందని. మొదటిసారి చేసినప్పుడు ఆగలేదు. ఫిల్టర్ డబ్బా మూత క్లిప్పు ఒకటి సరిగ్గా పడలేదు. అది సరిచేసి ఇది రెండోసారి.

మూశాను. శబ్దం మారింది, వినండి. బొంగురుపోతోంది... బండి వణికింది.

[శబ్దం: ఇంజిన్ ఆగింది. దూరంగా కాకి అరుపు.]

ఆగింది. చెక్కముక్క తీశాను. బావా, ఇప్పుడు సెల్ఫ్ కొట్టు.