మోడల్ విమానం మీద రిజిస్ట్రేషన్ అక్షరాలు: ఫాంట్ కంటే ముందు కొలత

[తెరపై: ఒకే విమానం మోడళ్లు రెండు, పక్కపక్కన. రంగు ఒకటే. అక్షరాలు మాత్రం వేరు.]

నమస్కారం. ఈ రెండు మోడళ్లనీ కాసేపు చూడండి. కిట్ ఒకటే, స్కేలు ఒకటే, రంగూ ఒకటే. అయినా ఎడమవైపున్నది నిజం విమానంలా కనిపిస్తోంది, కుడివైపున్నది బొమ్మలా ఉండిపోయింది. కారణం పక్కన రాసిన ఆ అయిదు అక్షరాలే.

రిజిస్ట్రేషన్ (విమానానికి నంబర్ ప్లేటు లాంటి గుర్తు) అనగానే ఎక్కువమంది అడిగేది "ఏ ఫాంట్ వాడాలి?" అని. నా మాట వినండి, ఫాంట్ పేరు జోలికి అప్పుడే వెళ్లకండి. విమానాల మీద ఈ అక్షరాల్ని చాలాకాలం పెయింటర్లే వేశారు. స్కేలు పెట్టి గీసి, టేపు అంటించి, రంగు పూశారు. వాళ్ల చేతిలో ఉన్నది ఫాంట్ కాదు, కొలతలు. మనమూ అక్కడి నుంచే మొదలుపెడదాం.

[తెరపై: ఖాళీ గళ్ల కాగితం]

1944 షికాగో ఒప్పందం ప్రకారం దేశాల మధ్య తిరిగే ప్రతి విమానం మీదా దేశం గుర్తు, రిజిస్ట్రేషన్ గుర్తు ఉండాలి. అవి ఎలా ఉండాలో ఆ ఒప్పందపు 7వ అనుబంధం చెబుతుంది. అందులో ఏ ఫాంట్ పేరూ లేదు. అలంకారాలు లేని రోమన్ క్యాపిటల్ అక్షరాలు కావాలంటుంది. అక్షరం వెడల్పు ఎత్తులో మూడింట రెండు వంతులు. గీత మందం ఎత్తులో ఆరో వంతు. అక్షరాల మధ్య ఖాళీ, వెడల్పులో కనీసం నాలుగో వంతు. ఐ అక్షరానికీ ఒకటి అంకెకీ మాత్రం ఈ వెడల్పు లెక్క వర్తించదు.

ఇప్పుడు ఈ లెక్కల్ని గళ్ల మీద పెట్టి చూడండి. ఎత్తు ఆరు గళ్లు అనుకుంటే వెడల్పు నాలుగు గళ్లు. గీత మందం ఒక గడి. మధ్య ఖాళీ కూడా ఒక గడే. అన్నీ గళ్లలో అతికినట్టు కూర్చున్నాయి! నాకు ఈ విషయం ఎంత ఇష్టమో చెప్పలేను. ఒక పెన్సిలూ గళ్ల కాగితమూ ఉంటే చాలు, ఏ రిజిస్ట్రేషన్ అయినా గీసేయొచ్చు.

ఇప్పుడు ఇంగ్లీషు E అక్షరాన్ని గీద్దాం. నిలువు గీత ఒకటి, పైన అడ్డగీత, కింద అడ్డగీత. మరి మధ్య గీత ఎక్కడ? ఆరు గళ్లలో మూడు గీతలకి పోతే మిగిలేవి మూడు. వాటిని రెండు సమభాగాలు చేస్తే ఒక్కో ఖాళీ ఒకటిన్నర గళ్లు. అంటే మధ్య గీత ఏ గడిలోనూ సరిగ్గా కూర్చోదు. పెయింటర్ దాన్ని సరిగ్గా మధ్యలో వేశాడా, అర గడి పైకి జరిపాడా? నిబంధన ఆ సంగతి చెప్పదు. ఫోటో చెబుతుంది. అందుకే మీరు చేస్తున్న ఆ ఒక్క విమానం ఫోటో దగ్గర లేకుండా అక్షరాల పని మొదలుపెట్టొద్దు.

[తెరపై: హైఫన్ దగ్గరగా]

ఇక్కడే ఇంకో చిన్న సంగతి. మధ్యలో వచ్చే హైఫన్ పొడవు కూడా ఎత్తులో మూడింట రెండు వంతులే, అంటే ఒక అక్షరం అంత. కీబోర్డు మీద హైఫన్ కొడితే వచ్చేది చాలా ఫాంట్లలో అందులో దాదాపు సగమే ఉంటుంది. కుడివైపు మోడల్లో ముందుగా కంటికి తగిలింది అదే. హైఫన్‌ని ఎప్పుడూ విడిగా ఒక దీర్ఘచతురస్రంగా గీసుకోండి.

ఇప్పుడు ఫాంట్ సంగతికి వద్దాం, ఎందుకంటే చాలా సందర్భాల్లో ఫాంటే సులువు. అందరూ మొదట తీసుకునేది హెల్వెటికా, లేదంటే ఏరియల్. మామూలు హెల్వెటికాలో గీత ఆరో వంతు కంటే సన్నగా ఉంటుంది. బోల్డ్‌లో అంతకంటే లావవుతుంది. మనకి కావలసింది ఆ రెంటికీ మధ్యది, మీడియం రకం. పైగా హెచ్ లాంటి అక్షరాలు వెడల్పుగా ఉంటాయి, ఎత్తులో దాదాపు అయిదింట నాలుగు వంతులు. దాంతో చాలామంది సాఫ్ట్‌వేర్‌లో అక్షరాన్ని పక్కల నుంచి నొక్కేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు మాత్రం అంతే మందంగా ఉండిపోతాయి. స్కేలుతో గీసిన అక్షరంలో రెండూ ఒకటే మందం, కాబట్టి నొక్కిన అక్షరం చూడగానే పట్టుబడిపోతుంది. మీకు కావలసినవి నాలుగైదు అక్షరాలే కదా, వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో (ఆకారాల్ని కొలతలతో గీసే సాఫ్ట్‌వేర్) గళ్లు పెట్టుకుని కొత్తగా గీయడమే మేలు.

ఉదాహరణకి బ్రిటిష్ పైలట్ ఏమీ జాన్సన్ 1930లో ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకి ఒంటరిగా నడిపిన జిప్సీ మాత్ అనే చిన్న విమానాన్ని తీసుకోండి. దాని రిజిస్ట్రేషన్ జీ-ఏఏఏహెచ్. గీయాల్సింది మూడే ఆకారాలు: జీ, ఏ, హెచ్. ఆ 'ఏ' అక్షరం తల మొనదేలి ఉందా, చదునుగా కోసినట్టుందా అన్నది ఒక్కటి ఫోటోలో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే ఆ ఆకారం వరసగా మూడుసార్లు వస్తుంది, తప్పు జరిగితే మూడుసార్లూ కనిపిస్తుంది.

[తెరపై: గుండ్రటి ఎస్, పక్కన మూలలు కోసిన ఎస్]

విమానం ఏ కాలానిదో కూడా చూసుకోవాలి. హెల్వెటికా పుట్టింది 1957లో. 1930ల నాటి విమానం మీద హెల్వెటికా ఆర్, దాని వంపు తిరిగిన కాలుతో సహా కనిపిస్తే నా మనసు ఒప్పుకోదు. పాత విమానాల మీద ఎస్, జీ, ఆర్ లాంటి వాటిలో వంపుల బదులు మూలలు ఏటవాలుగా కోసినట్టుండటం తరచూ చూస్తాం. టేపుతో వంపు తిప్పడం కష్టం, సరళరేఖ సులువు. సైజులూ వేరే. రెండు యుద్ధాల మధ్య కాలంలో రెక్కల మీద అక్షరాలు ఇప్పటికంటే చాలా పెద్దవి. అమెరికాలో అప్పట్లో కుడి రెక్క పైన, ఎడమ రెక్క కింద వేసేవాళ్లు. రెక్క మీద అక్షరాల తల రెక్క ముందంచు వైపే ఉంటుంది.

మ్యూజియంలో ఉన్న విమానం ఫోటోని నమ్మొచ్చా అంటే, కొంతవరకే. మళ్లీ రంగు వేసినప్పుడు అక్షరాలు మారిపోయి ఉండొచ్చు. నేనైతే మసకగా ఉన్నా ఆనాటి ఫోటోకే ఓటేస్తాను.

సరే, స్కేలు లెక్క. నేటి నిబంధనలో విమానం బాడీ మీద, తోక మీద అక్షరం కనీసం 30 సెంటీమీటర్లు, రెక్క కింద 50. 1/72 స్కేలు అంటే అసలులో 72వ వంతు, కాబట్టి వీటిని 72తో భాగిస్తే బాడీ మీద 4.17 మిల్లీమీటర్లు, రెక్క కింద దాదాపు 7. అదే 1/48లో 6.25, 10.4. 1/144లో బాడీ మీద 2.08 మిల్లీమీటర్లే, గీత మందం 0.35.

[తెరపై: సాఫ్ట్‌వేర్‌లో ఫాంట్ సైజు పెట్టె]

ఫాంట్ సైజుని కొలిచేది పాయింట్లలో. 4.17 మిల్లీమీటర్లంటే దాదాపు 11.8 పాయింట్లు. వెంటనే సైజు పెట్టెలో 12 కొట్టేస్తారు, అక్షరం చిన్నదైపోతుంది. పాయింట్ సైజు అంటే క్యాపిటల్ అక్షరం ఎత్తు కాదు. ఏరియల్‌లో క్యాపిటల్ ఎత్తు ఆ సైజులో దాదాపు 72 శాతమే. అంటే మీకు కావలసింది 16.5 పాయింట్లు. ఫాంట్‌ని బట్టి ఈ శాతం మారుతుంది కాబట్టి, అక్షరాన్ని ఆకారంగా మార్చేసి ఎత్తు నేరుగా మిల్లీమీటర్లలో ఇవ్వడం అన్నిటికంటే నమ్మకమైన దారి.

అమెరికాలో సొంతంగా కట్టుకున్న చిన్న విమానాలకి, పాత విమానాలకి కొన్ని షరతులతో 3 అంగుళాల, 2 అంగుళాల అక్షరాలు చాలు. 2 అంగుళాలంటే 1/72లో 0.7 మిల్లీమీటరు. ఆ సైజులో ఆకారాల కోసం తాపత్రయపడకండి. అక్షరాల మధ్య ఖాళీ, మొత్తం గుర్తు పొడవు సరిపోతే కన్ను మిగతాది నింపుకుంటుంది. సిరా కొంచెం పాకుతుంది కనుక గీతల్ని ఒక పిసరు సన్నం చేస్తే ఏ, ఆర్ లోపలి ఖాళీలు మూసుకుపోవు.

ముదురు రంగు మీద తెల్ల అక్షరాలైతే, ఇంట్లో వాడే మామూలు ప్రింటర్‌తో తెలుపు వేయడం కుదరదు. పెద్ద అక్షరాలకి మాస్క్ (అక్షరం ఆకారం కోసిన స్టిక్కర్) కోసి రంగు పిచికారీ చేయడం నాకు నచ్చిన పద్ధతి. గీసిన సరళరేఖల అక్షరాలు మాస్క్‌లో శుభ్రంగా తెగుతాయి కూడా.

డెకాల్ కాగితం (ప్రింట్ చేసిన అక్షరాల్ని మోడల్ మీదికి దింపే కాగితం) ఖర్చు చేసేముందు అక్షరాల్ని మామూలు కాగితం మీద ప్రింట్ తీయండి. కత్తిరించి మోడల్ మీద టేపుతో అంటించండి. అసలు ఫోటో ఏ కోణంలో ఉందో అదే కోణంలో ఫోన్‌తో ఫోటో తీసి, రెండూ పక్కపక్కన పెట్టండి. మొదటి అక్షరం ఏ కిటికీ కింద మొదలైంది, చివరిది ఎక్కడ ఆగింది, హైఫన్ ఏ ఎత్తులో ఉంది, ఈ మూడూ కలిశాయో లేదో చూడండి. కలవకపోతే ముందు ఎత్తు సరిచూసి, ఆ తర్వాతే ఖాళీల జోలికి వెళ్లండి.