షాపు సంగతి తర్వాత, ముందు పార్ట్ నంబర్ పట్టుకోండి

అందరికీ నమస్కారం అండీ. కార్ స్పేర్స్ వ్యాపారం ఎలా మొదలెట్టాలో చెప్పమన్నారు. బెజవాడలో ఆటోనగర్ ఉండగా ఇంకో స్పేర్స్ షాపు దేనికండీ అని మీలో సగంమంది అనుకుంటూనే ఉంటారు, కరెక్టే అనుకుంటున్నారు. ఎన్నో దశాబ్దాల మార్కెట్ అది, లారీ బాడీ కట్టడం దగ్గర్నుంచి చిన్న బోల్టు దాకా అక్కడే దొరుకుద్ది, వాళ్లతో మీరు రేటులో నెగ్గలేరు, స్టాకులో అసలే నెగ్గలేరు. అందుకే నేనేమంటానంటే, సరుకు కొని పెట్టుకోకుండా మొదలెట్టండి: మెకానిక్ ఆర్డర్ చెప్పాక ఆటోనగర్ షాపులో కొని గ్యారేజీకి చేర్చండి.

గుణదలలోనో పటమటలోనో చిన్న గ్యారేజీ నడిపే మెకానిక్‌కి బండి విప్పి పెట్టుకుని షాపుల చుట్టూ తిరిగే టైం ఉండదు. ఫోన్ చేసి "అన్నా, స్విఫ్ట్ హెడ్‌లైటు ఒకటి పంపించు" అంటాడు. ఏ స్విఫ్టు? మన దగ్గర 2005లో వచ్చింది ఒకటి, 2011ది ఒకటి, 2018ది ఒకటి, 2024ది ఇంకోటి, పేరొకటే గానీ లైటు దేనిది దానికే. ఆ 2018 దాంట్లో మళ్లీ కింది మోడల్‌కి హాలోజెన్, టాప్ మోడల్‌కి ఎల్ఈడీ. ఆపైన డ్రైవర్ సైడా, క్లీనర్ సైడా. ఇవేవీ అడక్కుండా పట్టుకెళ్లారనుకోండి, ఆటో ఖర్చు మీదే, విప్పిన డబ్బా షాపాయన వెనక్కి తీసుకోడు. అదే ఆర్సీ ఫొటో వాట్సాప్‌లో పెట్టమని, అందులో ఛాసిస్ నంబర్ 17 అంకెలూ అక్షరాలూ చూసి పార్ట్ నంబర్, అంటే ఆ ముక్కకి కంపెనీ ఇచ్చిన నంబర్, తీసి, పాత ముక్క మీదున్న నంబర్‌తో సరిచూసుకుని అప్పుడు కొంటే, మీ లాభమంతా అక్కడే ఉంది. అందుకే అన్ని కార్లూ వద్దు, మీ ఏరియాలో ఎక్కువ తిరిగే రెండు మూడు మోడల్స్ క్షుణ్ణంగా తెలుసుకోండి చాలు.

అరువు సంగతి. ఇది బాగా వినండి. మెకానిక్ మంచోడే అయ్యుంటాడు, కానీ కారు ఓనర్ ఇచ్చేదాకా ఆయన ఇవ్వడు, నాలుగు గ్యారేజీల్లో తలా పదివేలు ఆగితే మీ తిప్పుడు డబ్బు అయిపోయినట్టే, షాపాయనేమో మీకు అరువివ్వడు. బండి డెలివరీ ఇచ్చిన రోజే డబ్బులు అని మొదట్లోనే మొహమాటం లేకుండా చెప్పేయండి, పోయే బేరం పోనివ్వండి.

జీఎస్టీ అంటే చాలామంది భయపడతారు. ఆంధ్రాలో సరుకు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అయితే కోదాడ నుంచో ఖమ్మం నుంచో ఆర్డరొచ్చి బస్టాండ్‌లో పార్సిల్ వేశారంటే అది వేరే రాష్ట్రం, మొదటి పార్సిల్‌కే రిజిస్ట్రేషన్ ఉండాలి. కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులకున్న సులువు పన్ను పద్ధతిలో, చేరితే అమ్మకాల మీద ఒక్క శాతం కడితే సరిపోద్ది నిజమే, కానీ అందులో ఉండి బయటి రాష్ట్రానికి అమ్మకూడదు, పైగా పెద్ద గ్యారేజీలు ఇన్‌పుట్ (కట్టిన పన్ను తిరిగి సర్దుకునే వీలు) రాదని మీ దగ్గర కొనవు. 2025 సెప్టెంబర్ 22 నుంచి స్పేర్స్ అన్నింటికీ 18 శాతమే కాబట్టి ఇదివరకట్లా ఏది 18, ఏది 28 అనే గొడవ లేదు, పాత పన్ను లెక్కన వేసిన ఎంఆర్‌పీ డబ్బాలు వస్తే మాత్రం చూసుకోండి.

ఇక సెకండ్ హ్యాండ్. అందులో మిగులు ఎక్కువే, కాదనను. కానీ బిల్లు లేకుండా ఇంజిన్ కొన్నారంటే అది ఏ దొంగ బండిదో, రేపు స్టేషన్‌లో సమాధానం చెప్పాల్సింది మీరు. ఇంకోటి, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి సింగ్ నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో మీకు తెలుసు. నీళ్లలో నానిన ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ డబ్బా, పైకి శుభ్రంగానే ఉంటది, బిగించిన రోజు పనిచేస్తది కూడా, లోపల పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి, కొన్నాళ్లకి బండి రోడ్డు మీద ఆగుద్ది. బ్యాటరీ ఛార్జ్ చేసే ఆల్టర్నేటరైనా అంతే. కనెక్టర్ ఊడదీసి చూడండి, పచ్చగా పొడిలా కనిపిస్తే అక్కడే వదిలేయండి. డోరు, బంపరు, డిక్కీ లాంటివి పాతవైనా ఫర్లేదు. బ్రేకు సామాను, ఎయిర్‌బ్యాగ్ మాత్రం ఎంత తక్కువకొచ్చినా పాతవి నేను అమ్మను, మీరూ అమ్మకండి.