ఒపేరా నుంచి బ్రాడ్‌వేకి, బ్రాడ్‌వే నుంచి ఒపేరాకి: ఒక గాయని కెరీర్‌ని షీట్‌లో పెట్టడం ఎలా?

నమస్కారం అండీ. ఇవాళ ఒక గాయని కెరీర్‌ని గూగుల్ షీట్‌లో పెడదాం. గాయని ఎవరంటే కెల్లీ ఓహారా. అమెరికన్ సొప్రానో, అంటే ఆడవాళ్లలో అన్నిటికన్నా పై స్థాయి గొంతు. న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్లలో మ్యూజికల్స్, అంటే పాటల నాటకాలు చేస్తారు, అక్కడి మెట్రోపాలిటన్ ఒపేరాలోనూ పాడతారు, దాన్నే పొట్టిగా మెట్ అంటారు. ఇలా రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్ల గురించి చదివితే మనకి దొరికేది పేర్ల జాబితా. ఇది చేశారు, అది చేశారు, అవార్డు వచ్చింది. రాసి ఉన్నది చదువుతాం, కానీ ఆవిడ అసలు ఏం దాటారో అందులో కనపడదు. షీట్‌లో పెడితే కనపడుతుంది. చూద్దాం.

బ్రౌజర్ అడ్రస్ బార్‌లో షీట్స్ డాట్ న్యూ అని కొట్టండి. కొత్త షీట్ తెరుచుకుంటుంది. డ్రైవ్‌లోకి వెళ్లి ప్లస్ నొక్కి... అదంతా అక్కర్లేదు. ఇది తేలిక.

ఆగండి. ఇంకా ఏమీ టైప్ చేయకండి. ముందు ఫైల్, సెట్టింగ్స్, లొకేల్. లొకేల్ అంటే షీట్ ఏ దేశం పద్ధతిలో తేదీలు చదవాలో చెప్పేది. ఇక్కడ ఇండియా అని ఉంది చూశారా? దీన్ని యునైటెడ్ స్టేట్స్ చేయండి. సేవ్. ఎందుకో ఇంకాసేపట్లో చెప్తాను, అది పెద్ద కథ.

ఇప్పుడు కాలమ్స్. ప్రదర్శన, పాత్ర, థియేటర్, ప్రారంభం, ముగింపు, మైకు, గమనిక. ఏడు. పై వరసని ఫ్రీజ్ చేసేయండి. వ్యూ, ఫ్రీజ్, ఒక వరస. అయింది.

'ఒపేరానా, మ్యూజికలా' అన్న కాలమ్ లేదేంటి అని మీకు అనిపించి ఉంటుంది. పెట్టొచ్చు. పెడితే మూడో వరసకే ఇరుక్కుంటాం. 'ద లైట్ ఇన్ ద పియాజా' ఉంది, 2005లో బ్రాడ్‌వేకి వచ్చింది, సంగీతం ఆడమ్ గెటెల్. అందులో కొన్ని పాటలు పూర్తిగా ఇటాలియన్‌లో ఉంటాయి, స్వరరచన ఒపేరాకి చాలా దగ్గర. కానీ అది మ్యూజికల్. అటు మెట్‌లో ఆవిడ మొదట పాడిన 'ద మెర్రీ విడో' ఏమో ఆపెరెట్టా, అంటే తేలికపాటి ఒపేరా. మధ్యమధ్యలో మాటలుంటాయి, డాన్సులుంటాయి. పైగా అది ఇంగ్లీషులో వేశారు, డైరెక్టర్ సూసన్ స్ట్రోమన్ బ్రాడ్‌వే మనిషి. మరి ఏది ఏ గడిలో పెడతారు? అందుకే ఆ కాలమ్ వద్దు. దాని బదులు మైకు.

మైకు కాలమ్ సెలెక్ట్ చేసి, డేటా, డేటా వ్యాలిడేషన్, డ్రాప్‌డౌన్. మూడే మాటలు. 'ఒంటి మైకు', 'లేదు', 'తెలీదు'. ఒంటి మైకంటే ఒంటికి తగిలించుకునేది. రంగులు కూడా ఇక్కడే పెట్టేయండి. నేను ఒంటి మైకుకి నారింజ, లేదు అన్నదానికి నీలం పెట్టాను. మీ ఇష్టం.

ఈ కాలమ్ ఎందుకంత ముఖ్యమంటే... బ్రాడ్‌వేలో ఇప్పుడు మ్యూజికల్ గాయకులకి జుట్టులోనో, నుదుటి దగ్గరో చిన్న మైకు ఉంటుంది. గుసగుసగా పాడినా ఆఖరి వరసకి వెళ్తుంది. మాట్లాడినట్టే పాడొచ్చు. మెట్‌లో దాదాపు 3,800 సీట్లు, కింద గోతిలో పూర్తి ఆర్కెస్ట్రా, గొంతుకి మైకు లేదు. ఆర్కెస్ట్రా శబ్దం బలమంతా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. శిక్షణ పొందిన ఒపేరా గొంతు, ముఖ్యంగా మగవాళ్ల గొంతు, 3,000 హెర్ట్జ్ దగ్గర బలం కూడగట్టుకుంటుంది. ఆర్కెస్ట్రా అక్కడ పల్చగా ఉంటుంది కాబట్టి గొంతు పైకి తేలుతుంది. అరవడం కాదు, సందు చూసుకుని వెళ్లడం. సొప్రానోలకి ఈ లెక్క కొంచెం వేరు, వాళ్ల పై స్వరాలే ఆర్కెస్ట్రా బలంగా ఉండే ఆ 500 హెర్ట్జ్‌ని దాటిపోతాయి. మన పద్యనాటకాలు తెలిసినవాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మైకు ముందు పాడే పద్యం వేరు, మైకు లేకుండా పందిరి చివరిదాకా పంపే పద్యం వేరు.

ఒక జాగ్రత్త. మెట్ వాళ్లవి సినిమా హాళ్లలో వేసే లైవ్ ప్రసారాలు చూసి, 'ఇంత స్పష్టంగా ఉంది, మైకు ఉందిగా' అని నింపేయకండి. ఆ మైకులు ప్రసారం కోసం. హాల్లో కూర్చున్నవాళ్లకి వాటిలోంచి వినపడదు. మన కాలమ్ హాల్లో ఉన్నవాళ్ల కోసం.

సరే, వరసలు నింపుదాం. బ్రాడ్‌వే వివరాలకి ఐబీడీబీ, అంటే ఇంటర్నెట్ బ్రాడ్‌వే డేటాబేస్. మెట్ వివరాలకి మెట్ వాళ్ల సొంత ఆర్కైవ్స్ డేటాబేస్ ఉంది, 1883 నుంచి ప్రతి ప్రదర్శనా ఉంటుంది. రెండు ట్యాబులూ తెరిచి పెట్టుకోండి. కాపీ చేసి, కంట్రోల్ షిఫ్ట్ వి. ఉత్త కంట్రోల్ వి కాదు. షిఫ్ట్ కలిపితే వెబ్‌సైట్ రంగులు, లింకులు, ఫాంట్లు రావు, అక్షరాలే వస్తాయి. నేను ఎక్కడైనా ఇదే వాడతాను.

చకచకా నింపేస్తున్నాను, స్క్రీన్ చూడండి. పియాజాలో క్లారా. 'సౌత్ పసిఫిక్'లో నెల్లీ, 2008. 'ద బ్రిడ్జెస్ ఆఫ్ మాడిసన్ కౌంటీ', 2014. 'ద మెర్రీ విడో'లో వలెన్సియెన్, మెట్. 'ద కింగ్ అండ్ ఐ'లో అన్నా, 2015, బ్రాడ్‌వేకి ఇచ్చే టోనీ అవార్డు వచ్చింది దీనికే. 'కొసీ ఫాన్ తుత్తే'లో డెస్పినా, 2018, మెట్. 'కిస్ మీ, కేట్', 2019. 'ద అవర్స్'లో లారా బ్రౌన్, 2022, మెట్. 'డేస్ ఆఫ్ వైన్ అండ్ రోజెస్', 2024, ఇదీ గెటెల్ సంగీతమే. ఇంకా కొన్ని ఉన్నాయి, అవి మీరు నింపుకోండి.

ఇప్పుడు తేదీలు. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం. ఈ వీడియోలో అందరూ తప్పు చేసే చోటు ఇదే.

నెల పేరు అక్షరాల్లో ఉంటే గొడవ లేదు. కానీ అమెరికా పత్రికల్లో, ప్రెస్ నోట్లలో అంకెల్లో రాస్తారు, నెల ముందు, తేదీ తర్వాత. సౌత్ పసిఫిక్ ప్రారంభం 4/3/2008. అంటే ఏప్రిల్ 3. లొకేల్ ఇండియా అని ఉన్న షీట్‌లో ఇది పేస్ట్ చేస్తే ఏమవుతుంది? మార్చి 4 అవుతుంది. ఎర్రర్ రాదు. ఎర్ర గీత రాదు. చక్కగా కుడివైపుకి జరిగి కూర్చుంటుంది.

ముగింపు 8/22/2010. ఇండియా లొకేల్‌లో 22వ నెల ఎక్కడిది? అందుకని షీట్ దాన్ని తేదీగా తీసుకోదు, ఉత్త అక్షరాలుగా ఎడమవైపు వదిలేస్తుంది. గుర్తు ఇదే. కుడివైపు ఉంటే తేదీ, ఎడమవైపు ఉంటే అక్షరాలు. ఒకే కాలమ్‌లో కొన్ని కుడికి, కొన్ని ఎడమకి కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఎడమవైపువి మాత్రమే సరిచేసి ఊరుకోవద్దు. ఎడమవైపు ఉన్నవి తప్పని కనపడుతూనే ఉంది. కుడివైపు బుద్ధిగా కూర్చున్నవే మోసం చేస్తాయి.

మరి తర్వాత లొకేల్ మారిస్తే సరిపోతుంది కదా? సరిపోదు. ఒకసారి మార్చి 4 అని లోపల పడిపోయాక, లొకేల్ మార్చినా అది మార్చి 4గానే ఉంటుంది, పైకి కనిపించే తీరు మాత్రం మారుతుంది. అందుకే మొదట్లోనే మార్పించాను. ఇప్పటికే పేస్ట్ చేసేసిన వాళ్లు కాలమ్ చెరిపేసి మళ్లీ పేస్ట్ చేయండి. లేదా చేత్తో కొట్టేటట్టయితే సంవత్సరం, నెల, తేదీ వరసలో, మధ్య అడ్డగీతలతో కొట్టండి. 2008-04-03. ఇది ఏ లొకేల్‌లోనైనా ఒకటే.

సరిగ్గా పడిందో లేదో చూసుకోడానికి ఒక లెక్క. బ్రాడ్‌వేలో వారానికి 8 ప్రదర్శనలు. ముగింపులోంచి ప్రారంభం తీసేసి, 7తో భాగించి, 8తో గుణించండి. సౌత్ పసిఫిక్‌కి 871 రోజులు. ఫార్ములా ఎంత ఇచ్చింది? 995. ఐబీడీబీలో ఎంత ఉంది? 996. చూశారా! ఇప్పుడు కావాలని ప్రారంభాన్ని మార్చి 4 చేస్తాను. 1,030 అయింది. ఆ తేడా కనపడగానే తేదీ తిరగబడిందని తెలిసిపోతుంది. కింగ్ అండ్ ఐ కూడా చూద్దాం. 2015 ఏప్రిల్ 16 నుంచి 2016 జూన్ 26. 437 రోజులు. ఫార్ములాలో 499. అక్కడా 499.

ఈ లెక్కకి ప్రారంభం అంటే అధికారికంగా ఓపెన్ అయిన రోజు. దానికి ముందు ప్రివ్యూలుంటాయి, అంటే ప్రేక్షకుల ముందు వేసే ట్రయల్ ప్రదర్శనలు, వాటిని విడిగా లెక్కపెడతారు. మధ్యలో షో ఆగితే లెక్క తప్పుతుంది. మెట్ వరసలకి ఈ ఫార్ములా అసలు లాగకండి. అక్కడ ఒక రాత్రి ఇది, మర్నాడు ఇంకో ఒపేరా. ఆర్కైవ్స్‌లో ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవడమే.

ఇంకొకటి. 996 అన్నది షో లెక్క, ఆవిడ లెక్క కాదు. 2009లో ప్రసూతి సెలవుకి వెళ్లినప్పుడు నెల్లీగా లారా ఓస్నెస్ చేశారు. కింగ్ అండ్ ఐలో 2016లో ఆవిడ బదులు మరిన్ మాజీ అనే నటి వచ్చారు. ఐబీడీబీలో కింద రీప్లేస్‌మెంట్స్ అని ఉంటుంది, చాలామంది అక్కడిదాకా స్క్రోల్ చేయరు. గమనిక కాలమ్ దానికే. 'ఆవిడ 996 సార్లు పాడారు' అని మాత్రం ఎక్కడా రాయకండి.

ఇప్పుడు ప్రారంభం కాలమ్ మీద కుడి క్లిక్, సార్ట్. రంగులు చూడండి. నారింజ, నారింజ, నారింజ... ఇదిగో ఇక్కడ నీలం. 2014 డిసెంబర్ 31. మెర్రీ విడో ప్రారంభం. వెంటనే కింద నారింజ, కింగ్ అండ్ ఐ. మధ్య ఎన్ని రోజులు? ఒకదాంట్లోంచి ఒకటి తీసేయండి. 106. ప్రివ్యూలు ఇంకా ముందే మొదలయ్యాయి. థియేటర్ కాలమ్ చూడండి. ఒకటి మెట్, ఇంకోటి వివియన్ బోమాంట్. రెండూ న్యూయార్క్ లింకన్ సెంటర్‌లోనే, ఒకే ప్రాంగణం. నడిస్తే రెండు నిమిషాలు. పియాజా, సౌత్ పసిఫిక్ కూడా బోమాంట్‌లోవే. సీట్లు మాత్రం ఇక్కడ వెయ్యి చిల్లర.

పాత్ర కాలమ్ కూడా ఒకసారి చూడండి. మెట్‌లో వలెన్సియెన్, డెస్పినా. రెండూ తేలిక సొప్రానో పాత్రలు, సూబ్రెట్ అంటారు. చలాకీగా ఉండాలి, ప్రతి మాటా అర్థమవ్వాలి, నటన రావాలి. మ్యూజికల్ నుంచి వచ్చినవాళ్లకి తగ్గ తలుపు అది. ఆవిడ వెళ్లి, భారీ గొంతు కావాల్సిన వాగ్నర్ ఒపేరాలు పాడలేదు. అలాగని ఊరికే అతిథిగా వెళ్లడమూ కాదు. ఆవిడ చదివింది ఓక్లహోమా సిటీ యూనివర్సిటీలో, ఫ్లారెన్స్ బర్డ్‌వెల్ దగ్గర, శాస్త్రీయ గాత్రమే. ఇంకో బ్రాడ్‌వే గాయని క్రిస్టిన్ చెనొవెత్‌కీ గురువు ఈ బర్డ్‌వెల్లే.

ట్యాబు డూప్లికేట్ చేసి, రెనే ఫ్లెమింగ్ పేరు పెట్టండి. ఈవిడ ఎదురు దిక్కు. మెట్‌లో పెద్ద సొప్రానో. మెర్రీ విడోలో హన్నా పాత్ర ఈవిడదే. 2018 మార్చి 15న కెల్లీ డెస్పినాగా మెట్‌లో మొదలుపెట్టారు. 2018 ఏప్రిల్ 12న ఫ్లెమింగ్ 'కరూసెల్'తో బ్రాడ్‌వేలో. తేడా 28 రోజులు. ఇళ్లు మార్చుకున్నట్టు. 2022లో అవర్స్‌లో ఇద్దరూ మళ్లీ ఒకే స్టేజీ మీద, ఇంకో ఒపేరా గాయని జాయిస్ డిడొనాటోతో కలిపి.

రెండు ట్యాబుల్నీ కలిపి పేరుతో వెతకాలంటే క్వెరీ వాడకండి. ఓహారా పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో ఓ పక్కన అపాస్ట్రఫీ ఉంది, సింగిల్ కోట్స్ మధ్య పెడితే ఫార్ములా అక్కడే విరిగిపోతుంది. ఫిల్టర్ ఫార్ములా వాడండి, హాయి.

ఇంకో ట్యాబు, ఎట్సియో పింజా. ఇటాలియన్ బాస్, అంటే మగవాళ్లలో అన్నిటికన్నా కింది స్థాయి గొంతు. సౌత్ పసిఫిక్ 1949లో మొదటిసారి వేసినప్పుడు హీరో ఆయనే. హీరోయిన్ మేరీ మార్టిన్ ఆయన గొంతుతో పోటీ పడాల్సి వస్తుందని భయపడితే, ఇద్దరూ ఒకేసారి గొంతెత్తే పని లేకుండా రాశారు. వంతులవారీగా పాడతారు. 2008లో అదే పాత్ర బ్రెజిల్ బారిటోన్ (మగవాళ్ల మధ్యస్థాయి గొంతు) పౌలో షాట్‌ది, రెండేళ్లకి ఆయనా మెట్‌లో పాడారు. పింజా మైకు గడిలో 'లేదు' పెట్టండి. 1949లో ఒంటి మైకులు ఎక్కడివి? అంటే ఈ ట్యాబ్ అంతా నీలమే.

తేదీలు చూడండి. మెట్‌లో మొదటి ప్రదర్శన 11/1/1926. సౌత్ పసిఫిక్ 4/7/1949. ఇండియా లొకేల్‌లో ఇవి జనవరి 11, జూలై 4 అయిపోతాయి. రెండూ కుడివైపే ఉంటాయి, ఎడమవైపు ఒక్కటీ రాదు. కాబట్టి ట్యాబు మొత్తం తప్పయినా గుర్తు పట్టలేరు. నవంబర్ 1, ఏప్రిల్ 7. ఈ రెండూ చేత్తో కొట్టేయండి.