సీసాకో మాట, బకెట్టుకో మాట

నమస్కారం. ముందు ఈ సీసా చూడండి. ఒక లీటరు ఫ్లోర్ క్లీనర్, కాన్సన్‌ట్రేట్, అంటే నీళ్లు కలిపి వాడాల్సిన చిక్కటి ద్రవం. ముందువైపు పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాల్లో 'పిల్లలకు, పెంపుడు జంతువులకు సురక్షితం'. ఇప్పుడు వెనక్కి తిప్పుతున్నాను. ఎర్ర అంచు డైమండ్ లోపల, చేతి మీదా లోహం మీదా ఏదో కారి తినేస్తున్న బొమ్మ. పక్కన చీమతలకాయంత అక్షరాల్లో 'గ్లౌజులు, రక్షణ కళ్లద్దాలు వాడండి'. ఈ సీసా నాకు ఇచ్చిన మిత్రుడు అడిగింది ఒకటే: "ఈ రెండిట్లో అబద్ధం ఏది?"

రెండూ నిజమే కావచ్చు, అదే చిక్కు. ముందువైపు మాట బకెట్లో కలిపిన నీళ్ల గురించి, వెనకవైపు మాట సీసాలో ఉన్న చిక్కటి ద్రవం గురించి. మామూలు క్లీనర్ కొంటే మన చేతికొచ్చేదీ, నేల మీద పడేదీ ఒకటే. కాన్సన్‌ట్రేట్ అలా కాదు. సీసాలో ఒకలా ఉంటుంది, బకెట్లో ఇంకోలా ఉంటుంది, కాలవలోకి పోయాక మరోలా. సురక్షితమా కాదా అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఎక్కడున్నప్పుడు?

సీసాతో మొదలుపెడదాం. దీని సేఫ్టీ డేటా షీట్ తెప్పించుకున్నాను. అడిగితే తయారీదారులు ఇస్తారు, చాలామంది తమ సైట్లోనే పెడతారు. మొత్తం 16 విభాగాలుంటాయి. అన్నీ చదవక్కర్లేదు. 2లో ప్రమాదాలు, 3లో ఏమేం కలిపారు, 9లో పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 దాటేకొద్దీ క్షారం ఘాటు), 12లో నీటి జీవులకు ఏమవుతుంది. నేను చూసేవి ఈ నాలుగే. ఒక్క జాగ్రత్త. కొన్ని ఉత్పత్తులకు రెండు షీట్లుంటాయి: ఒకటి చిక్కటి ద్రవానికి, ఇంకొకటి నీళ్లు కలిపాక. అడిగితే నాకు మొదట ఆ రెండోది పంపారు. అందులో అంతా చల్లగా ఉంది. మీ చేతికి ఏ షీటు వచ్చిందో ముందు పేరు దగ్గరే చూసుకోండి.

ఈ సీసా పీహెచ్ 12.5. చర్మం పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటుంది. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే పదిరెట్లు. లేబుళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 2003లో తెచ్చిన జీహెచ్ఎస్ పద్ధతిలో 11.5, ఆపైన ఉంటే చర్మాన్ని కాల్చేదిగానే లెక్కేస్తారు, కాదని పరీక్షలు చూపిస్తే తప్ప. ఇక నా తెలివి సంగతి. మొదటిరోజు మూత తీసి వాసన చూస్తుంటే రెండు చుక్కలు వేళ్ల మీద పడ్డాయి. జారుడుగా, సబ్బు రాసుకున్నట్టు హాయిగానే ఉంది. సబ్బే కదా అనుకున్నాను. ఆ జారుడులో కొంత నా చర్మం మీది నూనె సబ్బుగా మారడం వల్ల వచ్చింది! క్షారం కొవ్వుతో కలిస్తే జరిగేది అదే. మంట తర్వాత మొదలైంది. కాల్చే క్షారం మొదట్లో నొప్పి తెలియనివ్వకపోవచ్చు. కంట్లో పడితే యాసిడ్ కంటే ఇది మొండిది, లోపలికి దిగుతూనే ఉంటుంది. పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండాలి, ఆ తర్వాత డాక్టరు. ఆ 15 నిమిషాలు ఎంత పొడుగో ఒకసారి గడియారం పెట్టుకుని చూడండి.

సరే, బకెట్. లేబుల్ ప్రకారం వందకు ఒకటి. అంటే 5 లీటర్లకు 50 మిల్లీలీటర్లు. వందరెట్లు పలుచన చేస్తే పీహెచ్ రెండు అంకెలు తగ్గి 10.5 దగ్గరికి రావాలి. పీహెచ్‌ని నిలబెట్టే లవణాలు కలిపి ఉంటే అంత కూడా తగ్గదు. 10.5 అంటే ఆరిన నేల మీద పాకే పిల్లవాడికి పెద్ద భయం లేదు. రోజూ ఒట్టి చేతుల్తో గుడ్డ పిండేవాళ్లకు మాత్రం చర్మం పగులుతుంది. కానీ 50 మిల్లీలీటర్లు ఎవరు కొలుస్తున్నారు? మూత తీసి ఒక వంపు వంపుతాం, నురగ రాలేదని ఇంకో వంపు. నేను రోజూ వంపినట్టే వంపి, తర్వాత కొలిచాను. 150 వచ్చింది. మూడింతలు! ముందువైపు రాసిన 'సురక్షితం' నేను చేసిన ఆ బకెట్టుకు వర్తించదు. నిజానికి నురగకీ శుభ్రానికీ పెద్ద సంబంధం లేదు. ఎక్కువ పోస్తే నేల మీద జిగురు పొర మిగిలి, దానికే మళ్లీ దుమ్ము అంటుకుంటుంది.

పీహెచ్‌తో పట్టుబడనివి రెండున్నాయి. సీసాలో ద్రవం పాడవకుండా వేసే మిథైల్ ఐసోథయాజోలినోన్ ఒకటి. చర్మ అలర్జీలు చూసే అమెరికన్ వైద్యుల సంఘం 2013లో దాన్నే 'ఆ ఏటి అలర్జీ కారకం'గా ప్రకటించింది. రెండోది సువాసన. నిమ్మజాతి వాసనిచ్చే లిమోనీన్ గాలి తగిలి పాతబడేకొద్దీ అలర్జీ తెచ్చేదిగా మారుతుంది. మొక్కల నుంచి తీశారు కాబట్టి మంచిదే అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

స్ప్రే సీసాలో పోసుకోవచ్చా అని కూడా అడిగాడు మిత్రుడు. నేనైతే పోయను. గుడ్డ మీద ఉన్నంతసేపు అది నేలకే తగులుతుంది, తుంపరగా మారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో యూరప్‌కు చెందిన ఆరువేల మందికి పైగా ఉన్నారు. ఇరవై ఏళ్ల వ్యవధిలో, ఇంట్లోగానీ ఉద్యోగంగాగానీ శుభ్రం చేసే ఆడవాళ్లకు ఊపిరితిత్తుల సామర్థ్యం మిగతావాళ్లకంటే వేగంగా తగ్గింది. తగ్గుదలకు క్లీనర్లే కారణమని అది రుజువు చేయలేదు, అయినా నాకు తుంపర మీద మోజు పోయింది. ఇంకో మాట, బ్లీచ్‌తో గానీ యాసిడ్‌తో గానీ దీన్ని కలపకండి. బ్లీచ్‌లో యాసిడ్ పడితే వచ్చేది క్లోరిన్ గ్యాస్.

ఇప్పుడు కాలవ. నన్ను ఎక్కువ ఆపింది ఇదే. మనం పలుచన చేసింది గాఢతను, సరుకును కాదు. 50 మిల్లీలీటర్లు 5 లీటర్లలో కలిపినా, 50 లీటర్లలో కలిపినా కాలవలోకి వెళ్లేది అదే 50. ఒక లెక్క వేద్దాం. ఇవి నేను అనుకున్న అంకెలు. ఆ 50లో 5 గ్రాముల సర్ఫాక్టెంట్, అంటే మురికిని వదిలించే పదార్థం, ఉందనుకోండి. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే పరీక్షలో సగం చేపలు చచ్చిపోతాయి అనుకోండి. ఒక్క బకెట్ నీళ్లు ఆ స్థాయికి పలచబడటానికే వెయ్యి లీటర్లు కావాలి. అది కూడా సగం చేపలు చచ్చే స్థాయికి, అన్నీ బతికే స్థాయికి కాదు. 150 పోస్తే మూడు వేల లీటర్లు. నీటి శుద్ధి కేంద్రం దాటి వెళితే చాలావరకు అక్కడే విరిగిపోతుంది, నేరుగా చెరువులో కలిస్తే ఆ అదృష్టం ఉండదు. పర్యావరణానికి తక్కువ హాని చేసే సరుకులకు యూరప్ ఇచ్చే ముద్ర ఎకోలేబుల్. అది ఇచ్చేటప్పుడు ఇలాంటి లెక్కే వేస్తారు, 'క్రిటికల్ డైల్యూషన్ వాల్యూమ్' అంటారు. వాళ్లు లెక్కకు తీసుకునేది లీటరు సీసాను కాదు, వాడమని చెప్పిన మోతాదును. ఆ పద్ధతి నాకు నచ్చింది.

వెనకవైపు చచ్చిన చేప, ఎండిన చెట్టు బొమ్మ లేదు కదా అంటారా? ఆ బొమ్మ తీవ్రమైన తరగతులకే వేస్తారు. ఈ సీసా షీటులో హెచ్412 అని ఉంది: జలచరాలకు హానికరం, ప్రభావం చాలాకాలం ఉంటుంది. ఆ తరగతికి బొమ్మ ఉండదు.

'బయోడీగ్రేడబుల్', అంటే బ్యాక్టీరియా విరిచేయగలది అన్న మాట ఉంది చూశారా, దీనికో కథ ఉంది. 1950లలో నదుల మీద నురగ కొండల్లా తేలేది. అప్పటి డిటర్జెంట్ అణువుల తోకకు కొమ్మలుండేవి, బ్యాక్టీరియా వాటిని తినలేకపోయేది. 1960లలో తోకను తిన్నగా చేశారు, నురగ తగ్గింది. తర్వాత నోనైల్‌ఫినాల్ ఎథాక్సిలేట్లు అనే ఇంకో రకం సర్ఫాక్టెంట్ల సంగతి. ఇవి విరిగేవి, నిజమే. విరిగాక మిగిలేది నోనైల్‌ఫినాల్, అది చేపల హార్మోన్లనే తారుమారు చేస్తుంది. 2003లో యూరోపియన్ యూనియన్ క్లీనర్లలో వాటిని 0.1 శాతం దగ్గర కట్టేసింది. కాబట్టి విరుగుతుంది అంటే సరిపోదు, ఎన్ని రోజుల్లో, ఏమై మిగులుతుంది అని అడగాలి. షీటు 12వ విభాగంలో 'ఓఈసీడీ 301' అని వెతకండి, ఎంత విరుగుతుందో చూసే పరీక్ష పేరు అది. 28 రోజుల్లో కనీసం 60 శాతం చివరిదాకా విరిగితేనే సులువుగా విరిగేది అంటారు (కరిగిన కార్బన్‌ను కొలిచే పద్ధతిలో అయితే 70). ఈ సీసాలో ప్రధాన సర్ఫాక్టెంట్ అది దాటింది. సువాసన గురించి ఒక్క ముక్కా లేదు.

అలాగని కాన్సన్‌ట్రేట్ చెడ్డదని కాదు. మామూలు క్లీనర్ కొంటే ఎక్కువ భాగం నీళ్లే మోసుకొస్తాం, అంత ప్లాస్టిక్కూ, అంత రవాణా. ఆ మిగులు కొలిచి పోసినవాళ్లకే దక్కుతుంది.

మిత్రుడికి సీసా తిరిగిచ్చేశాను. మూత మీద 50 దగ్గర మార్కర్‌తో గీత గీశాను, బకెట్ లోపల 5 లీటర్ల దగ్గర ఇంకో గీత. గ్లౌజులు సీసా మెడకే రబ్బరు బ్యాండుతో కట్టాను. అయిపోయాక సీసాను సింకులో కడగొద్దని చెప్పాను. అడుగున మిగిలింది ఇంకో బకెట్టుకు సరిపోతుంది.