కాల్లో రాడ్‌తో ముంబై మారథాన్: నా రివ్యూ

నమస్తే అండి. ఈ ఛానల్‌లో ఎప్పుడూ షూ రివ్యూలే చేస్తుంటాను కదా, ఈసారి ఏకంగా ఒక రేస్‌కే రివ్యూ. 2025 జనవరి 19న జరిగిన టాటా ముంబై మారథాన్. ఫుల్, అంటే 42.195 కిలోమీటర్లు. ఇదిగో ఈ ఎక్స్‌రే చూడండి. మోకాలి దగ్గర్నుంచి చీలమండ దాకా తెల్లగా కనిపిస్తున్నది రాడ్. బైక్ మీద నుంచి పడి ఎముక రెండు ముక్కలైతే వేశారు. అది ఇంకా లోపలే ఉంది. టైమింగ్ తగ్గించుకోవాలనుకునే వాళ్లకి ఈ వీడియో పనికి రాదు. దెబ్బ తగిలి ఇంట్లో కూర్చున్నవాళ్లు మాత్రం చివరిదాకా చూడండి.

ముందు కాలు సంగతి. మా పెద్దమ్మ అయితే పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దామంది. ఆపరేషనే చేయించుకున్నాను. కొన్ని నెలలకి డాక్టర్ ఎక్స్‌రే చూసి ఎముక అతుక్కుందన్నారు. ఆ సాయంత్రమే పరిగెత్తబోయాను, ముప్పై అడుగులు కూడా పడలేదు. ఫిజియో మేడమ్ టేపు పెట్టి కొలిస్తే ఆ కాలి పిక్క రెండో దానికంటే రెండు సెంటీమీటర్లు సన్నగా ఉంది. ఒంటికాలి మీద నిలబడి మడమ లేపమన్నారు. ఒక్కసారి కూడా లేవలేదు. ఇరవై సార్లు లేచేదాకా పరుగు మాట ఎత్తొద్దన్నారు. ఆ తర్వాత నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. బైక్ పడిన రోజు నుంచి స్టార్ట్ లైన్ దాకా రెండేళ్ల పైనే పట్టింది. ఇప్పటికీ పూజకి మోకాళ్ల మీద కూర్చుంటే రాడ్ గుర్తొస్తుంది.

ఇక ఛారిటీ. 2004 నుంచి జరుగుతున్న ఈ రేస్‌లో విరాళాల పనంతా యునైటెడ్ వే ముంబై చూసుకుంటుంది. మీరు కట్టే ఎంట్రీ ఫీజు విరాళం కాదు, చాలామంది అలా అనుకుంటారు. మీరొక సంస్థని ఎంచుకుని, ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ తెరిచి, తెలిసినవాళ్లని అడగాలి. ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపుకి చూపించే రసీదు వస్తుంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది, ముందే చెప్పండి. నేను కృత్రిమ కాళ్లు ఇచ్చే సంస్థని ఎంచుకున్నాను. ఫిజియో దగ్గర నా పక్క బల్ల మీద ఒక కుర్రాడు ఉండేవాడు. అతనికీ బైకే, కానీ కాలు తీసేశారు. 1999 కార్గిల్ యుద్ధంలో గాయపడి కుడి కాలు పోగొట్టుకున్న మేజర్ డి.పి. సింగ్ బ్లేడ్ లాంటి కృత్రిమ కాలితో హాఫ్ మారథాన్లు పరిగెత్తిన వీడియోలు నాకు చూపించింది ఆ కుర్రాడే.

నిజం చెప్పాలంటే 42 కిలోమీటర్ల కంటే డబ్బులు అడగడమే కష్టమైంది. మామూలుగా లింక్ పెడితే ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఎక్స్‌రే పెట్టగానే డబ్బులు వచ్చాయి. నాకది అంత నచ్చలేదు, అయినా తీసెయ్యలేదు. మా బాబాయి అయితే నాకే ఫోన్‌పేలో 5,000 కొట్టి, "మందులకి ఉంచుకో నాన్నా" అని మెసేజ్ పెట్టాడు. అందుకే మీ నంబర్ ఇవ్వకండి, లింక్ మాత్రమే పంపండి.

రేస్ రోజు. సీఎస్‌ఎంటీ, అంటే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ రైల్వే స్టేషన్ దగ్గర స్టార్ట్, తెల్లవారుజామున 5 గంటలకి. సెక్యూరిటీ దగ్గర నా కాలు కుయ్యిమంది. ప్యాంటు పైకి లాగి కుట్ల మచ్చ చూపించాను. ఆయన నవ్వి భుజం తట్టి పంపించేశాడు.

రూట్‌లో బాగా నచ్చింది బాంద్రా-వర్లీ సీలింక్, అంటే సముద్రం మీద కట్టిన వంతెన. మామూలు రోజుల్లో నడిచేవాళ్లనీ, బైకుల్నీ దాని మీదకి రానివ్వరు. నన్ను పడేసిన బైకుకి దొరకని చోట నేను పరిగెత్తాను! గాలి చల్లగా ఉంది, అప్పుడే తెల్లారుతోంది. అక్కడ ఫోన్ తియ్యండి, తప్పులేదు.

అసలు పరీక్ష తిరిగొచ్చేటప్పుడు, 35 కిలోమీటర్లు దాటాక వచ్చే పెడ్డర్ రోడ్ ఎత్తు. ఎండ నెత్తి మీదకి వచ్చేసింది, చెమట ఆరదు. నేను అక్కడ పూర్తిగా నడిచాను. నడిచానని సిగ్గేం లేదు. బిల్డింగుల ముందు కుటుంబాలతో నిలబడి నారింజ తొనలు, ఉప్పు, చిక్కీ ఇస్తున్నారు. ఒక పెద్దావిడ నా కాలి మీద మచ్చ చూసి మరాఠీలో ఏదో అంది. నాకు మాటలు అర్థం కాలేదు, చేతిలో రెండు చిక్కీలు పెట్టింది.

మొత్తం 6 గంటల 12 నిమిషాలు. రేటింగ్ అంటే, రూట్‌కి అయిదుకి నాలుగు, జనాలకి అయిదుకి అయిదు, ఎండకి సున్నా. రాడ్ ఉన్నవాళ్లకి ఫుల్ వెయ్యమంటానా? మొదటిసారికి వద్దు. హాఫ్ చెయ్యండి, మీరు హాఫ్ పరిగెత్తినా ఫుల్ పరిగెత్తినా విరాళం అందుకునే సంస్థకి తేడా ఉండదు.

ఆ, బాబాయి 5,000. ఆయన పేరు మీదే పేజీలో కట్టేశాను. రసీదు మెయిల్‌కి వెళ్లగానే ఫోన్ చేశాడు.

"ఏంట్రా, మందులు కొనుక్కోలేదా?"