రాయి ఊరికే ఉండదు

అందరికీ నమస్కారం. నల్లగొండలో నిలబడి ఫ్లోరైడ్ బాధ గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. అది నీళ్లలోకి ఎలా చేరిందో మాత్రం చూద్దాం. వాతావరణం వేడెక్కకుండా కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలో దాచాలనుకునే చోట కూడా పనిచేసేవి ఆ రసాయన చర్యలే.

వాన నీరు మట్టిలో దిగుతూ, వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్లమవుతుంది. ఏళ్ల తరబడి గ్రానైట్‌ను కరిగిస్తుంది. సోడియం, కాల్షియం, కొంత ఫ్లోరైడ్ నీళ్లలోకి వస్తాయి. కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ అంతగా పెరగదు, రెండూ కలిసి గడ్డకడతాయి. కానీ మన దగ్గర వాన తక్కువ, ఎండ ఎక్కువ. కాల్షియం ముందే కార్బొనేట్‌తో కలిసి విడిపోతుంది. చెలకల్లో తవ్వితే తగిలే తెల్లటి సున్నపు గడ్డలు అవే. ఇక ఫ్లోరైడ్‌కు అడ్డు లేదు, తాగే నీటికి పెట్టిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటుతుంది.

ఐస్‌లాండ్‌లో ఆ గడ్డలే కావాలనుకున్నారు. హెల్లిషేయిడి భూతాప విద్యుత్ కేంద్రం దగ్గర 2012లో కార్బన్ డయాక్సైడ్‌ను నీళ్లలో కరిగించి బసాల్ట్‌లోకి, అంటే లావా చల్లారి ఏర్పడిన నల్లరాతిలోకి పంపారు. బసాల్ట్‌లో గ్రానైట్ కన్నా కాల్షియం, మెగ్నీషియం, ఇనుము ఎక్కువ, కరగడమూ త్వరగానే. రెండేళ్లలోపే 95 శాతానికి పైగా కార్బొనేట్ రాయిగా మారిందని 2016లో తేల్చారు. వందల, వేల ఏళ్లు పడుతుందనుకున్న పని! మన ఊళ్లకు ముప్పు తెచ్చిన సున్నపు గడ్డే అక్కడ గ్యాసుకు తాళమైంది.

ఇంధనంగా వాడే హైడ్రోజన్‌ను కూడా భూమిలో నిల్వ చేయాలని చూస్తారు, దానిది వేరే తంటా. చెక్ దేశంలోని లోబోడిత్సే దగ్గర హైడ్రోజన్ కలిసిన గ్యాసును భూమి లోపలి నీటి పొరలో నిల్వ చేస్తే, సూక్ష్మజీవులు దాన్ని తిని మీథేన్ చేశాయి. రాతిలో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటే కుళ్లిన గుడ్ల వాసన గ్యాసు కూడా పుట్టొచ్చు.

మన దగ్గరా బసాల్ట్ ఉంది కదా అంటారు. ఉంది, వికారాబాద్ వైపు దక్కన్ లావా రాయే. కానీ ఐస్‌లాండ్ పద్ధతిలో ఒక టన్ను గ్యాసుకు సుమారు 25 టన్నుల నీళ్లు కావాలి. వాడిన నీటినే మళ్లీ తోడుకోవచ్చు, నిజమే. అయినా బోర్లు ఎండే నేలలో రాయిని మాత్రమే చూసి సంబరపడటం నాకు తొందరపాటే అనిపిస్తుంది.

ఎవరైనా ప్రయోగానికి వచ్చే లోపే ఆ వైపు బోర్ల నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్, ఫ్లోరైడ్ కొలిచి రాసిపెట్టుకోవాలి. ముందటి లెక్క లేకపోతే తర్వాత ఏం మారిందో ఎవరూ చెప్పలేరు. ఈ పరీక్షలకు పెద్ద సంస్థలే అక్కర్లేదు, మీ కాలేజీ ల్యాబ్‌లో మొదలుపెట్టొచ్చు.