నక్క ఊసెత్తని నక్క కథ: రోజీస్ వాక్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో ఒకే ఒక్క బొమ్మల పుస్తకం చూద్దాం. పేరు రోజీస్ వాక్. 1968లో వచ్చింది. పాట్ హచిన్స్ గారే రాసి, బొమ్మలూ వేశారు. ఇంగ్లీషు పుస్తకమే. కానీ పాలకొల్లు దగ్గర మా ఊరి పిల్లలకి చూపిస్తే, ఇది ఏ భాష అని ఒక్కళ్ళూ అడగలేదు.

కథంతా ఒకే వాక్యం, 32 మాటలు. రోజీ అనే కోడిపెట్ట షికారుకి బయల్దేరి, పెరడు దాటి, చెరువు చుట్టూ తిరిగి, గడ్డిమేటు ఎక్కి దిగి, పిండిమర పక్కగా వెళ్ళి, కంచెలోంచి దూరి, తేనెటీగల పెట్టెల కిందుగా నడిచి, భోజనం వేళకి ఇల్లు చేరింది. అంతే. ఇదే రేడియోలో చదివితే, ఇందులో కథేముంది అంటారు.

ఇప్పుడు బొమ్మ చూడండి. కోడి వెనకాలే నక్క! రాసిన మాటల్లో దాని పేరు ఎక్కడా రాదు. చదివే అమ్మ నోట కోడి ఒక్కటే వినిపిస్తుంది, ఒళ్ళో కూర్చున్న పిల్లకి నక్క కనిపిస్తూ ఉంటుంది. "అమ్మా, వెనకాల!" అని అరిచేస్తుంది. అమ్మ చెప్పని కథ పిల్ల చెబుతుందన్నమాట. ఇంకా చదవడం రాని పిల్లకి ఆ పెద్దరికం ఇచ్చిన పుస్తకం ఇది. నాకు ఇంత ఇష్టం అందుకే.

పేజీ తిప్పడం గురించి కూడా చెప్పాలి. ఇదిగో, ఈ పేజీలో నక్క దూకుతోంది. దాని ముందు నేలమీద గడ్డి పోగుచేసే పళ్ళ కర్ర పడి ఉంది, చూశారా? ఇక్కడ నేను కాస్త ఆగుతాను. పిల్లలు ఊపిరి బిగబట్టేస్తారు. తిప్పితే... కర్ర లేచి నక్క మూతి పగిలింది! ఈ పేజీలో ఒక్క అక్షరం కూడా లేదు. పుస్తకమంతా ఇదే వరస: దూకడం ఒక పేజీలో, దెబ్బ తర్వాతి పేజీలో. రోజీ కూడా ఎప్పుడూ కుడివైపుకే, అంటే మనం ముందుకెళ్ళే వైపుకే నడుస్తుంది.

రోజీకి నక్క సంగతి తెలుసా? అది ఒక్కసారి కూడా వెనక్కి చూడదు. పిండిమర దగ్గర మాత్రం దాని కాలికి తాడు తగిలి, పిండి బస్తా నక్క మీద పడుతుంది. ఇక్కడ మా పిల్లలు రెండు జట్లయి కొట్టుకున్నంత పని చేశారు. నేనైతే తెలుసనే అంటాను.

మాటలు తప్పుకుని బొమ్మే కథ చెప్పే పుస్తకం ఇంకొకటి కూడా ఉంది. మారిస్ సెండాక్ 1963లో వేసిన వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్ పుస్తకంలో బొమ్మలు పేజీ పేజీకీ పెరిగి, నడుమ మూడు జంట పేజీల్లో మాటల్నే బయటికి తోసేస్తాయి. చివరి పేజీకి వచ్చేసరికి బొమ్మే ఉండదు. దాని గురించి వేరే వీడియో చేస్తాను.

మన బొమ్మల పుస్తకాల్లో నాకు బాధ కలిగించేది ఒకటుంది. బొమ్మలో పిల్లాడు చెట్టెక్కుతుంటే, కింద "పిల్లాడు చెట్టెక్కాడు" అనే రాస్తారు. ఇక పిల్లలు కనిపెట్టడానికి ఏం మిగిలింది? బాపుగారు పుట్టిన నరసాపురం మాకు పక్కనే. బొమ్మ తనంతట తాను మాట్లాడగలదని మనవాళ్ళకి ఒకళ్ళు చెప్పాలా?

ఒక్క ఇబ్బంది. మా పిల్లలకి చెట్టుకి వేలాడే తేనెపట్టు తెలుసు, పెట్టెల్లో తేనెటీగలు తెలీదు. అది ముందే చెప్పండి. చెరువు, గడ్డిమేటు, కోడి... ఇవి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. మూడేళ్ళ పిల్లల నుంచి ధైర్యంగా కొనొచ్చు. చదివేటప్పుడు నక్కని మాత్రం మీరు వేలుపెట్టి చూపించకండి, వాళ్ళే పట్టుకుంటారు.